ఒడ్డూ పొడుగూ

చిలోయె దీవి పడమటి కొసన
మాకు రెండు పడవలు.
సెప్టెంబరు నుంచి మార్చి దాకా
పెంగ్విన్లను చూడ్డానికి జనం వస్తారు.
చక్రాల బల్ల మీద వాళ్లను నిలబెట్టి
నేనూ బావమరిది ఎలియాలూ
నడుం లోతు నీళ్లలోకి తోస్తాం.
కాలు తడవకుండా పడవెక్కుతారు.
టిక్కెట్టు డబ్బులో సగం దానికే.

ఆ రోజు పదకొండింటి పడవకి
ఓసోర్నో నుంచి ఒకావిడ.
పద్దు పుస్తకంలో తనే రాసుకుంది: రోసౌరా కార్కమో.
గుండ్రటి అక్షరాలు,
బడిలో నల్లబల్ల మీద ముప్పై ఏళ్లు రాసిన చెయ్యి.
ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి.
పక్కన మనవరాలు, తొమ్మిదేళ్లది,
మెడలో తాతగారి బైనాక్యులర్.

లైఫ్ జాకెట్లు మా దగ్గర మూడు కొలతలు:
పిల్లలవి, పెద్దలవి, మరీ పెద్దలవి.
మూడోది ఆమె రొమ్ము మీద
బెత్తెడు దూరంలో ఆగిపోయింది.
బకిల్ రెండు ముక్కలూ ఎదురెదురుగా
వియ్యం కుదరని ఇళ్లలా.
నేను లాగాను. ఎలియాల్ లాగాడు.
మాకు సాయం చేద్దామని
ఆమె ఊపిరి బిగబట్టింది.
వరుసలో ఎవరో గడియారం చూసుకున్నారు.

"జాకెట్ లేందే ఎక్కించకూడదమ్మా, రేవు వాళ్ల రూలు."
రూలు మంచిదే.
ఆ నీళ్ల చలి నాకు తెలుసు.
కానీ రూలు జాకెట్ ఉండాలంది, అంతే.
ఎంతది ఉండాలో, కొట్లో నిలబడి
ఎంచి కొన్నది నేను.

"పిల్లని తీసుకెళ్లండి," అంది.
బోర్లించిన తెప్ప మీద కూర్చుని
ఫ్లాస్కు మూత తిప్పింది.
పొడుగు సంగతి ఏమో గానీ
ఒడ్డు మాత్రం ఆమెకే మిగిల్చాం.

రాళ్ల దీవి దగ్గర ఇంజన్ ఆపి
రోజూ నేనో మాట అంటాను:
"చూడండి, ఎంత బొద్దుగా ఉన్నాయో!
ఆ కొవ్వే లేకపోతే ఈ సముద్రంలో బతుకుండదు."
రోజూ అందరూ మురిసిపోతారు,
ఫోన్లు పైకెత్తుతారు.
ఆ పూట ఆ మాట
ముల్లులా గొంతులో అడ్డం పడింది.
పిల్ల బైనాక్యులర్ వెనక్కి తిప్పి
ఒడ్డు మీద నీలం కోటు కోసం వెతుకుతోంది.

తిరిగొచ్చాక అవ్వ అడిగింది, ఎన్నున్నాయని.
"నలభై రెండు. నీకోసం ఇంకోసారి లెక్కపెట్టాను.
అప్పుడు నలభై ఒకటే."

రాత్రి అన్నాల దగ్గర ఎలియాల్ లెక్క తీశాడు.
"ఏడాదికి ఒకరో ఇద్దరో. వాళ్లకోసం
వేరే జాకెట్లా? డీజిల్ ధర చూశావా?"
గిట్టే లెక్కే. నేనూ తలూపాను.
నోల్ఫా గిన్నె తోముతూ తల తిప్పకుండా అంది:
"మీరు లెక్కపెట్టింది వచ్చిన వాళ్లని.
గుట్ట మీద కార్లోనే ఉండిపోయి
కిటికీలోంచి చూసే వాళ్లని
ఎవరు లెక్కపెట్టారు?"

ఎలియాల్ చేప ముళ్లు ఏరుకుంటున్నాడు.
నాకు మాత్రం మెతుకు దిగలేదు.
పంతొమ్మిదేళ్ల కాపురంలో నోల్ఫా
ఒక్కసారీ నా పడవ ఎక్కలేదు.
కడుపులో తిప్పుతుందంటుంది.
పెద్ద నేలకి తీసుకెళ్లే ఫెర్రీలో,
ఎంత తుఫానులోనైనా,
బెంచీ మీద దర్జాగా కూర్చుని
బంగాళాదుంప రొట్టె తింటుంది.
అక్కడ కొలత ఎవరూ తీయరు.

పుయెర్తో మోంత్ నుంచి రెండు తెప్పించాను.
రెండు వారాల డీజిల్.
"ఒకటి చాలదా?" అన్నాడు ఎలియాల్.
"తోడు లేకుండా ఎవరొస్తారు?" అన్నాను.
ఆ జవాబు ఎక్కణ్ణించి వచ్చిందో
నాకే తెలీదు.

సోమవారం. ముసురు. ఒక్క గిరాకీ లేదు.
నోల్ఫా ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చి
మేకుకున్న కొత్తదాన్ని చాలాసేపు చూసింది.
తొడుక్కుంది.
టక్కున పడింది బకిల్. చిన్న చప్పుడు.
చక్రాల బల్ల తోయబోతే వద్దంది.
బూట్లు చేత్తో పట్టుకుని
నీళ్లలోకి నడిచింది,
చలికి నన్ను తిట్టుకుంటూ.

ఓసోర్నోకి ఉత్తరం రాయాలి.
చిరునామా పద్దులో ఉంది.
మొదటి వాక్యమే
ఇంకా కుదరడం లేదు.